మమ్మో కూర్చున్న శ్రుతి

మా చర్చి నేలమాళిగలో ఉన్న పియానోను అందరూ మమ్మో అంటారు. ఫిన్లాండు నుంచి ఈ మిషిగన్ గనులకు వచ్చిన మా పెద్దల భాషలో మమ్మో అంటే అవ్వ. ఆ పేరు ఎలా వచ్చిందో ముందు చెప్పాలి. అది చెప్పకుండా మా అమ్మాయి బ్యాండు సంగతి మొదలుపెడితే కథకు కాళ్లుండవు.

ఒక చలికాలం చర్చి బాయిలర్ చెడిపోయింది. దాన్ని బాగుచేసేలోపు నేలమాళిగ అంతా గడ్డకట్టింది. బకెట్లలో నీళ్లు రాళ్లయ్యాయి. పియానో పూర్తిగా శ్రుతి తప్పింది. మార్కెట్ అనే పట్నం నుంచి శ్రుతి చేసే ఆయన వచ్చి, మూత తీసి, చాలాసేపు లోపలికి చూశాడు.

"ఈ తీగలను అసలు శ్రుతికి బిగిస్తే ఒకదాని వెనక ఒకటి తెగుతాయి" అన్నాడు. "అన్నిటినీ కిందికి దించి, వాటిలో వాటికి సరిపెట్టి వెళతాను. ముసలావిడను లేపకండి. కూర్చున్నచోటే కూర్చోనివ్వండి."

మేము సరేనన్నాం. ఆ రోజు నుంచి అది మమ్మో అయింది. నిజం చెప్పాలంటే మా మగవాళ్లకు మేలే జరిగింది. అంతకుముందు కీర్తనల్లో పైకెక్కే చోట నోరు మాత్రం కదిపి ఊరుకునేవాళ్లం. మమ్మో కిందికి దిగాక మా గొంతులూ అందుకున్నాయి. పైన గుడిలో ఆర్గాన్ వేరే ఉంది. దానికీ దీనికీ తేడా ఎంతని ఎవరూ మెట్లెక్కి దిగి చూడలేదు. కొన్నాళ్లకు ఆ సంగతి అందరమూ మరిచిపోయాం.

తరువాత గని మూతపడింది. మా ఊళ్లో రోజుకు మూడుసార్లు గని ఈల మోగేది. గడియారాలన్నీ దాన్ని బట్టే తిప్పుకునేవాళ్లం. ఒక పొద్దున అది మోగలేదు. నేను భోజనం డబ్బా చేత్తో పట్టుకుని గుమ్మంలోనే నిలబడ్డాను. మా అమ్మాయి తైమి అప్పుడు హైస్కూలు చివరి ఏడాది చదువుతోంది. మెట్ల మీద కూర్చుని నన్నే చూస్తోంది.  కొన్నాళ్లకు ఆ పొద్దు మీద ఒక పాట కట్టింది.

నాకు చర్చిని చూసుకునే పని దొరికింది. మంచు తోయడం, మెట్లు బాగుచేయడం, బల్లలు సర్దడం. దేవుడు ఒక తలుపు మూసి నన్ను తన ఇంటికే పిలిచాడని పాస్టర్ హిల్ అన్నారు. అవునో కాదో నాకు తెలియదు. ఆయన మంచి మనసుతోనే అన్నారు కాబట్టి తలూపాను.

తైమికి పాటంటే ప్రాణం. పక్క వీధి పెల్టోలా అన్నదమ్ములు రూడీ, వాలీ గిటార్లు వాయించేవారు. రూడీది మామూలు గిటారు, వాలీది లావు తీగల బేస్ గిటారు. డ్రమ్ములు వాయించే క్లెమ్ ఇంగ్లండులోని కార్న్‌వాల్ వంశం కుర్రాడు, నోరు ఊరుకోదు. నలుగురూ కలిసి కాపర్ నైట్స్ అని పేరు పెట్టుకుని రూడీ వాళ్ల కారు షెడ్డులో వాయించేవారు. మా వైపు చలి అక్టోబరులో మొదలైతే మేలో గాని పోదు. తీగ మీద పెట్టిన వేలు తీగకే అతుక్కునేది. అందుకని చర్చి నేలమాళిగ ఇప్పించమని సంఘాన్ని అడిగాను.

సమావేశంలో ఇంపి అవ్వ లేచి నిలబడింది. ఇంపి రువోనా మా సంఘంలో అందరికంటే పెద్దది. వంటగది ఆమె రాజ్యం.

"దేవుడి ఇంటి కింద డప్పులా? పైన ప్రార్థన, కింద సంతా?" అంది.

"కింద మనం గురువారం గురువారం పాస్టీలు అమ్ముతున్నాం కదా అవ్వా. అది సంత కాదూ?" అన్నారు పాస్టర్ హిల్ నవ్వుతూ.

"మాంసం కూరిన రొట్టె తింటే ఎవరికీ చెవుడు రాదు, పాస్టరుగారూ."

చివరికి బుధవారం మధ్యాహ్నాలు ఇచ్చారు. అవ్వ ఒప్పుకోలేదు, కాని అడ్డూ పడలేదు. బుధవారం ఆమె ఏలకుల రొట్టెకు పిండి కలిపి పొంగడానికి పెట్టే రోజు. పిండికి వెచ్చదనం కావాలి. బ్యాండు పిల్లలు సామాను మోస్తూ మెట్ల తలుపు బార్లా తెరిచి వదిలేసేవారు.

"తలుపు వెయ్యండి! పిండి చల్లారిపోతుంది!"

గిటార్ల మోతను కూడా దాటి వినిపించేది ఆ కేక.

"వేస్తున్నాం అవ్వా, వేస్తున్నాం" అనేవాడు క్లెమ్. "అసలు పాస్టీ మా వాళ్లది. మీరు ఫిన్లాండు వాళ్లు దొంగిలించి, అందులో క్యారెట్ వేసి పాడుచేశారు. మేమేమన్నా అరుస్తున్నామా?"

"మీ నాయనమ్మ చేసిన పాస్టీతో గోడ కట్టొచ్చురా. పోయి ఆ పళ్లేలు కొట్టుకో."

కాని వాళ్లు వెళ్లేటప్పుడు ఒక రొట్టె గుడ్డలో చుట్టి క్లెమ్ చేతికే ఇచ్చేది. మొహం పక్కకు తిప్పుకుని ఇచ్చేది.

వాయించే ముందు రూడీ మమ్మో మెట్టు ఒకటి నొక్కి తన తీగలు దానికి సరిపెట్టుకునేవాడు. వాలీ రూడీని చూసి సరిపెట్టుకునేవాడు. "మమ్మో దగ్గర కూర్చున్నారా?" అని తైమి అడిగేది. కూర్చున్నాం అంటే పాట మొదలు. ఇంకో ఊరు వెళ్లాల్సి వచ్చినా ముందు మమ్మో దగ్గర కూర్చుని, ఆ తరువాతే సామాను బండెక్కించేవారు. పాత రొట్టెల బండి అది. రూడీ వాళ్ల మామ ఇచ్చాడు.

మొదట హైస్కూలు డాన్సులో వాయించారు. తరువాత సరస్సు ఒడ్డున వేసవి విడిదిలో, మార్కెట్ పట్నంలో ఒక బారులో. బారులో వాయించిన రోజు నేను వెనకాల నిలబడి, దేవా ఈ చోటును నువ్వు చూడకు, పిల్లలను మాత్రం చూడు, అని ప్రార్థించాను. చూడకుండా ఎలా చూస్తాడు? ఇంటికి వెళ్తూ దారిలో నాకే నవ్వు వచ్చింది. ఆ పైన గ్రీన్ బేలో పోటీ జరిగింది. అక్కడ వీళ్లను విని, డెట్రాయిట్‌లో పాటల రికార్డులు చేసే గారిటీ అనే ఆయన రమ్మన్నాడు.

రొట్టెల బండి బయలుదేరిన రోజు ఏప్రిల్‌లో కూడా మంచు పడుతోంది. సంఘం ఆడవాళ్లందరూ బయట నిలబడి చేతులూపారు. ఇంపి అవ్వ మాత్రం వంటగది కిటికీలోంచి చూసింది. బండి మలుపు తిరిగేదాకా కిటికీ దగ్గరే ఉంది.

గురువారం వచ్చింది. నేలమాళిగంతా పాస్టీల పనిలో ఉంది. ఆడవాళ్లు బల్ల చుట్టూ నిలబడి పిండి అంచులు మడుస్తున్నారు. నేను దుంపలు చెక్కు తీస్తున్నాను. గోడ మీద ఫోను మోగితే నేనే తీశాను.

"నాన్నా" అంది తైమి.

"ఏమ్మా, రికార్డు అయిపోయిందా?"

 ముక్కు తుడుచుకోవడం వినిపించింది.

"నన్ను మారుస్తామంటున్నారు నాన్నా."

నేను కత్తి కింద పెట్టాను.

"గారిటీగారు మంచివాడే. అరవలేదు. మాకందరికీ శాండ్‌విచ్‌లు తెప్పించాడు. బ్యాండు బాగుంది, అమ్మాయికి పైగొంతు లేదు అన్నాడు. గని ఈల మీద కట్టిన పాటలో పైకెక్కే చోట నాకు అందటం లేదు. రేపు పొద్దున ఇంకోసారి చూస్తారట. అప్పుడూ రాకపోతే ఇక్కడి అమ్మాయి ఎవరో ఉందట, ఆమె పాడుతుంది."

"మరి పిల్లలేమన్నారు?"

"రూడీ అందరం వెనక్కొచ్చేద్దాం అంటున్నాడు. నేను వద్దన్నాను. వాళ్లకి రాకరాక వచ్చింది నాన్నా. నా గొంతు మూలంగా పోకూడదు."

"ప్రార్థన చేద్దామా, అమ్మా?"

"చేశాను. గొంతు మాత్రం రాలేదు."

 ఆ పాట నా గుమ్మంలో పుట్టిన పాట. దాన్ని ఇంకొకరు పాడతారంటే నా భోజనం డబ్బా ఎవరో పట్టుకుపోయినట్టనిపించింది. ప్రభువా, ఇంత దూరం తీసుకువెళ్లి అక్కడ వదిలేస్తావా, అని లోపల అడిగాను. గట్టిగా అడగలేదు. చుట్టూ సంఘం ఆడవాళ్లున్నారు. వాళ్ల చేతులు అప్పటికే ఆగిపోయాయి.

నా భార్య సైమా చేతుల పిండి దులుపుకుని ఫోను లాక్కుంది. ఆదివారం పిల్లలకు కీర్తనలు నేర్పేది, మమ్మో మీద వాయించేది ఆమే.

"జలుబు చేసిందా?" అని అడిగింది.

"లేదమ్మా. బాగానే ఉన్నాను. ఇంట్లో ఎన్నిసార్లు పాడలేదు! ఇక్కడ ఆ చోటికి రాగానే గొంతు గోడకి కొట్టుకున్నట్టు ఆగిపోతోంది."

"ఏదీ, ఇప్పుడు పాడు. రూడీ ఉన్నాడా పక్కన? వాయించమను."

సైమా ఫోనును చెవికి దూరంగా పట్టుకుంది. బల్ల చుట్టూ ఉన్నవాళ్లంతా దగ్గరికి వచ్చారు. సన్నగా గిటారు, దాని మీద మా అమ్మాయి గొంతు. మొదటి రెండు వరుసలు బాగానే ఉన్నాయి. పైకెక్కే చోట గొంతు చీలింది. ఎవరో అయ్యో అన్నారు.

పాస్టీ అంచు మడుస్తున్న ఇంపి అవ్వ తల ఎత్తకుండానే అంది:

"అది మమ్మో కాదు."

"ఏంటవ్వా?"

"ఆ పిల్ల మమ్మో మీద పాడటం లేదు. ఎక్కడో అటకెక్కి పాడుతోంది. బుధవారం బుధవారం నా తల పగలగొట్టిన పాట నాకు తెలీదా ఏం? ఇది ఆ చోట్లో లేదు."

అందరూ నవ్వారు. సైమా నవ్వలేదు. "ఆర్వో, ఫోను తీగ పియానో దాకా వస్తుందా?" అని నన్నడిగింది.

వంటగదికీ హాలుకీ మధ్య పళ్లాలు అందించే కిటికీ ఉంది. మమ్మో దానికి అవతలే ఉంటుంది. తీగను కిటికీలోంచి లాగి, సాగినంత సాగదీసి పట్టుకున్నాను. సైమా పియానో ముందు కూర్చుంది.

"రూడీ, నీ తీగల్లో అన్నిటికంటే లావుది ఒక్కటి మీటు."

ఫోనులోంచి ఒక మోత వచ్చింది. సైమా అదే మెట్టు నొక్కింది. తేడా నాకు కూడా తెలిసింది. నేను కీర్తన పాడితే పక్కవాళ్లు జరిగి కూర్చుంటారు. అలాంటి నాకే తెలిసిందంటే ఎంత తేడానో చూసుకోండి. ఒకటి మేడ మీద, ఒకటి నేల మీద.

"దేనికి శ్రుతి చేశారురా మీరు?" అంది సైమా.

"ఇక్కడ పెద్ద ఆర్గాన్ ఉంది పిన్నీ. ఎవరొచ్చినా దానికే సరిపెట్టుకుంటారట. మేమూ పెట్టుకున్నాం. పెట్టుకుంటుంటేనే తీగలు తెగ బిగుసుకున్నాయి. ఆర్గాన్‌లో ఏదో తేడా ఉందనుకున్నాను."

అప్పుడు నాకు బాయిలర్ చెడిన చలికాలం గుర్తొచ్చింది. శ్రుతి చేసే ఆయన మూతలోకి చూసిన చూపు కూడా గుర్తొచ్చింది. ఫోనులోకి వంగి చెప్పాను: "తేడా ఆర్గాన్‌లో లేదు రూడీ. మమ్మోలో ఉంది. ఆవిడ లోకమంతటి కంటే కింద కూర్చుంటుంది. మీరు పుట్టినప్పటి నుంచీ అలాగే ఉంది."

అటు నుంచి గిటారు కింద పెట్టిన చప్పుడు వినిపించింది.

"అంటే బాబాయ్, మేం మొదటి నుంచీ తప్పు శ్రుతిలో వాయిస్తున్నామా? ఆ బారులో, పోటీలో, అన్నిచోట్లా?"

"తప్పని ఎవడన్నా చెప్పాడా? కప్పు కూడా ఇచ్చారు కదరా!" వెనక నుంచి క్లెమ్ గొంతు.

ఇంపి అవ్వకు కోపం వచ్చింది. పిండి చేత్తోనే ఫోను లాక్కుంది. "తప్పేంట్రా తప్పు? మేమంతా ఇన్నేళ్లుగా దాని మీద పాడి స్తోత్రం చెబుతున్నాం. దేవుడు ఒక్కటన్నా తిప్పి పంపాడా? ముందు ఆ తీగలు కిందికి దించండి. ఆ పిల్లను ఏడిపించకండి."

అటు పక్క ముగ్గురూ నవ్వడం వినిపించింది. వాళ్ల మధ్య తైమి నవ్వు కూడా ఉంది.

ఆ తరువాత జరిగింది నేను ఎన్నిసార్లు తలచుకున్నానో. సైమా ఒక మెట్టు నొక్కి పట్టుకుంటుంది. అక్కడ, అంత దూరంలో, రూడీ తీగ వదులు చేస్తాడు. ఇంకొంచెం, ఇంకొంచెం, చాలు. మళ్లీ ఇంకో మెట్టు. మిషిగన్ రాష్ట్రమంతా మా మధ్య ఉంది. సరస్సులు, వంతెన, మంచు. ఆడవాళ్లు పిండి చేతులు గాల్లోనే పెట్టుకుని కదలకుండా నిలబడ్డారు. ఎవరో దగ్గితే అవ్వ కళ్లెర్రజేసింది. పొయ్యిలో ఒక వాయి పాస్టీలు నల్లగా మాడాయి. ఎవరూ పట్టించుకోలేదు. అది ప్రార్థన అవునో కాదో నన్నడిగితే, నేను ఆదివారాలు చేసేవాటిలో చాలావాటి కంటే అది నయం అంటాను.

మరునాడు పొద్దున్నే చర్చి మెట్ల మీద మంచు తోయడం మొదలుపెట్టాను. తోసిన చోటే మళ్లీ తోస్తున్నానని సైమా కిటికీ తట్టి చెప్పింది. మధ్యాహ్నం కాబోతుండగా ఫోను మోగింది.

"నాన్నా, వచ్చింది" అంది తైమి.

దించిన శ్రుతికి ఆర్గాన్ కలవదు కాబట్టి, దాన్ని వాయించే ఆయనను గారిటీ కాఫీ తాగి రమ్మని బయటికి పంపాడట. పాట మొదటిసారికే వచ్చిందట. అయ్యాక ఆయన అద్దం అవతల నుంచి లేచి వాళ్ల దగ్గరికే వచ్చాడట.

"రాత్రికి రాత్రి ఏం చేశారు మీరు? నిన్న వీధిలో ఉంది ఈ పాట. ఇవాళ గనిలోకి దిగింది" అన్నాడట.

"మమ్మో దగ్గర కూర్చున్నాం అని చెప్పాం నాన్నా. ఆయనకి అర్థం కాలేదు. మమ్మో ఎవరని అడిగాడు. క్లెమ్ చెప్పాడు. చెబితే, కాపర్ నైట్స్ అనే పేరు ఊరికొకటి ఉంటుంది, రికార్డు మీద ఇదే పెట్టుకోండి అన్నాడు."

అలా వాళ్లు మమ్మో అయ్యారు.

ఆ వేసవిలో నేను మేకులు కొనడానికి కొట్టుకు వెళితే రేడియోలో ఆ పాట వచ్చింది. కొట్టులో నాతో గనిలో పనిచేసినవాళ్లు ఇంకా ఇద్దరున్నారు. పాట అయ్యేదాకా ముగ్గురమూ మేకుల డబ్బాలను చూస్తూ నిలబడ్డాం. అయ్యాక ఒకడు నా భుజం మీద తట్టి వెళ్లిపోయాడు. ఆ తరువాత చికాగోలో విన్నారట, ఆ పైన కాలిఫోర్నియాలో. రొట్టెల బండి పోయి పెద్ద బస్సు వచ్చింది. పత్రికలో బొమ్మ పడింది. అందులో వాలీ కళ్లు మూసుకున్నాడని వాళ్లమ్మ ఇప్పటికీ బాధపడుతుంది. ఆ బరువైన మోత ఎలా వస్తోందని వేరే బ్యాండ్ల వాళ్లు రూడీని అడిగేవారట. మా అవ్వ నేర్పింది అనేవాడట. హాస్యమాడుతున్నాడనుకునేవారట.

ఊరూరా తిరిగేటప్పుడు మమ్మో వెంట రాదు కదా. అందుకని వాళ్లు ఒకసారి ఇంటికి వచ్చినప్పుడు రూడీ టేపు రికార్డరు తెచ్చి నేలమాళిగలో ఆ మెట్టు మోత పట్టుకుపోయాడు. అది బుధవారం. నేను అప్పుడు పై అంతస్తులో బల్లలు తుడుస్తున్నాను. కింద ఏం జరిగిందో నాకు తెలియదు.

చర్చికి కొత్త పియానో కొనిస్తామని పిల్లలు పాస్టర్ హిల్‌ను అడిగారు. సంఘం కూర్చుంది. కొత్తది వస్తే అది మళ్లీ పైన కూర్చుంటుంది, మగవాళ్లు మళ్లీ నోరు మూస్తారు, వద్దు, అంది ఇంపి అవ్వ. ఎవరూ కాదనలేదు. పియానోకు బదులు కొత్త బాయిలర్ ఇప్పించమన్నాం. ఇప్పించారు. మమ్మోకు ఇక చలి లేదు.

డెట్రాయిట్‌లో పెద్ద హాలులో వాళ్లు వాయించే రోజున మా అందరినీ రమ్మని బస్సు పంపారు. ఇంపి అవ్వ రాననే అంటుందనుకున్నాం. కోటు తొడుక్కుని అందరికంటే ముందు వచ్చి కూర్చుంది. చేతిసంచిలో దూది ఉంది.

"చెవులకి" అంది నాకు చూపించి. "పిల్లను చూడటానికి వస్తున్నాను. మోత వినటానికి కాదు."

హాలు నిండా జనం. మా ఊరి జనాన్ని తెచ్చి అందులో పోస్తే ఒక మూలకు సరిపోరు. మేము ముందు వరుసల్లో కూర్చున్నాం. దీపాలు ఆరాయి. జనం అరుస్తారనుకుంటే చెవులప్పగించి కూర్చున్నారు. ఏదో రాబోతోందని వాళ్లకు తెలుసు. మాకే తెలియదు.

చీకట్లో ఒక పియానో మెట్టు మోగింది. ఎక్కడున్నా పోల్చుకుంటాను దాన్ని. మళ్లీ మోగింది. దాని వెనక గిన్నెలు కడుగుతున్న చప్పుడు, బరువైనదేదో ఈడుస్తున్న చప్పుడు. అప్పుడు ఆ హాలంతా నిండిపోయేలా ఒక ముసలి గొంతు:

"తలుపు వెయ్యండి! పిండి చల్లారిపోతుంది!"

వెంటనే ఆ జనమంతా, ఒక్క గొంతుతో, అవే మాటలు తిరిగి అరిచారు. నా కుర్చీ అదిరింది. ప్రతి ఊళ్లోనూ ఇలాగే అరుస్తారని, అది అయ్యాకే పాట మొదలవుతుందని తైమి తరువాత చెప్పింది.

ఇంపి అవ్వ నా మణికట్టు గట్టిగా పట్టుకుంది. ఒక చెవిలోంచి దూది తీసేసింది.

"ఎవరది, అరిచింది?"

"నువ్వే అవ్వా."

"నేనా?"

"నువ్వే. ఆ బుధవారం రూడీ టేపులో పడ్డావు."

ఆమె వెనక్కి తిరిగి అంత జనాన్నీ చూసింది. వాళ్ల తలల మీదుగా దూరంగా హాలు తలుపులు కనిపిస్తున్నాయి. యూనిఫారం వేసుకున్న ఒకాయన వాటిని ఒకటొకటిగా లాగి మూస్తున్నాడు. చివరి తలుపు పడేదాకా అవ్వ అటే చూసింది. నేను మనసులో దేవుడికి చెప్పవలసింది చెప్పుకున్నాను. మాటలు పెద్దగా లేవు. అందరి పేర్లూ వరసగా చెప్పుకున్నాను, బాయిలర్‌తో సహా.

అవ్వ రెండో చెవిలోంచి కూడా దూది తీసి సంచిలో వేసుకుంది.

"వేశారు" అంది. "ఇక పాడమను."